మొక్కుకున్న కనుబొమ్మలు

వేములవాడలో తలనీలాలు ఇచ్చే చోట మంగలి మా అన్న తల పూర్తిగా గొరిగి, కత్తిని తొడ మీది గుడ్డకు తుడిచి, ఇక లెమ్మన్నట్టు భుజం తట్టాడు. మా పెద్దమ్మ లేవనివ్వలేదు.

"గవి గూడ తియ్యి," అన్నది, కొడుకు నుదురు చూపిస్తూ.

మంగలికి అర్థం కాలేదు. మీసాలా అని అడిగాడు. మీసాలు కాదు, కనుబొమ్మలు అన్నది పెద్దమ్మ. అతను నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వు ఆపాడు. మా అన్న కళ్ళు మూసుకొని కూర్చున్నాడు. నేను ఆయన అంగీ చేతిలో పట్టుకొని పక్కన నిలబడి ఉన్నాను. మాట మీద మాట చాలాసేపు నడిచిన తర్వాత కత్తి ఎడమ కనుబొమ్మ మీదికి దిగింది. కత్తి కుడివైపుకు మళ్ళేసరికి అన్న అరచేత్తో కుడి కన్ను కప్పుకొని లేచి నిలబడ్డాడు.

అన్న పని చేసే చక్కెర మిల్లులో చెరకు ఆడటం మొదలు కావడానికి అప్పటికి వారం కూడా లేదు. ఆ రోజు గేటు దగ్గర రెండు కనుబొమ్మలతో నిలబడితేనే ఆయనకు పని. ఆ రెండింటి కోసం పెద్దమ్మ ఒక పసుపు పంట మొత్తం వదులుకున్నది.

అన్న అంటే మా పెద్దమ్మ కొడుకు. నందిపేట్ వైపు వాళ్ళ ఊరు. ఎకరన్నర పసుపు చేను పెద్దమ్మ పేరున ఉండేది, కొంచెం వరి ఉండేది. చలికాలం రాగానే అన్న బోధన్ దిక్కు పనికి పోయేవాడు. బోధన్ అనగానే అందరికీ పెద్ద ఫ్యాక్టరీ గుర్తుకొస్తుంది. ఆయన చేసింది అక్కడ కాదు. మోస్రా దారిలో ఒక సేటు పెట్టిన చిన్న చక్కెర మిల్లు ఉండేది. ఇప్పుడు దాని పొగగొట్టం కూడా లేదు. అక్కడ రసం కాచే కడాయిల దగ్గర ఆయన పని. నేను నిజామాబాద్‌లో అద్దె గదిలో ఉంటూ హైదరాబాద్ పత్రిక ఒకదానికి వార్తలు పంపేవాణ్ణి. చెరకు ధర, పసుపు ధర, కాలువకు నీళ్ళు వదిలే తేదీ, కలెక్టరు పర్యటన, ఇవీ నా వార్తలు. మా అన్న సంగతి ఎన్నడూ రాయలేదు. అది వార్త అవుతుందని అప్పట్లో ఎవరికీ తోచేది కాదు.

ఆ మిల్లులో సీజను పనివాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. కొలిమి రాజేసే రోజు పొద్దున అందరూ గేటు ముందర నిలబడాలి. టైమ్‌కీపర్ పేర్లు పిలుస్తాడు. పలికినవాడికి ఆ సీజనుకు పని ఉన్నట్టే, వెనకటి సీజన్లు కూడా లెక్కలో ఉన్నట్టే. వరసగా మూడు సీజన్లు పలకకపోతే పేరు కొట్టేస్తారు. పలికి మధ్యలో వెళ్ళిపోయినా ఆ సీజను పోయినట్టే. ఆ తర్వాత వస్తే కొత్త కూలీ కిందే లెక్క. ఏళ్ళ తరబడి సీజన్లు తెగకుండా చేసినవాళ్ళను వరస ప్రకారం పర్మినెంటు చేస్తారు. అన్న ఆ వరసలో చాలా ముందుకు వచ్చి ఉన్నాడు. పర్మినెంటు అయితే ఏడాది పొడుగునా జీతం, ఉండటానికి ఒక గది. ఆయన అడిగింది అంతకంటే ఎక్కువ కాదు.

ఒక చలికాలం ఆయన మోచేతి మీద మరిగే రసం చిందింది. బొబ్బ లేచేదాకా తెలియలేదు. పక్కవాడు చూసి చెప్తే చేయి వెనక్కి తీశాడు. అక్కడ ముందు నుంచే ఒక తిమ్మిరి మచ్చ ఉంది, అది ఏమిటో ఊళ్ళో అందరికీ తెలుసు, పేరు మాత్రం పలకరు, పెద్దరోగం అంటారు. డిచ్‌పల్లి మిషన్ కుష్ఠు ఆస్పత్రిలో చేర్చాము. అక్కడ పైసా అడగకుండా వైద్యం చేశారు, కసురుకోకుండా చేశారు. వేళ్ళు దక్కాయి, పాదాలు దక్కాయి. రోగం పోయింది, ఇక ఎవరికీ అంటదు అని కాగితం ఇచ్చి పంపారు. దానికి ఒక సీజను పోయింది. కనుబొమ్మలు రాలిపోయాయి. అవి మాత్రం తిరిగి రాలేదు.

కనుబొమ్మలు లేని మొహానికి మా జిల్లాలో ఒకటే అర్థం. బస్సులో పక్కన కూర్చున్నవాడు లేచి నిలబడతాడు. హోటల్లో చాయ్ ఇస్తారు గాని గ్లాసు తీసుకోవడానికి ఎవరూ రారు. ఆస్పత్రి కాగితం చూపించమని నేనంటే అన్న విసుక్కునేవాడు.

"కాగితం అంగి కీసల ఉంటది. మొఖం బయటుంటది. ఎవడు ముందుగాల ఏది సూస్తడు?"

రెండో సీజనుకు వదిన ఒక ఉపాయం చేసింది. గేటు తెరిచే రోజు తెల్లవారుజామున మొగుణ్ణి దీపం ముందర కూర్చోబెట్టి కాటుకతో బొమ్మలు దిద్దింది. బాగా కుదిరాయని, పెండ్లినాటి కంటే బాగున్నాడని నవ్వింది. పేరు పిలిస్తే పలికాడు, లోపలికి పోయాడు. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు కడాయిల దగ్గర ఆవిరి దట్టంగా లేచింది. ఆయన పక్కన ఏళ్ళ తరబడి పని చేసిన దోస్తు ఒకడు మొహంలోకి చూసి అరిచాడు.

"అరే, నీ బొమ్మలు కారుతున్నయ్‌రో!"

మొదట అందరూ నవ్వారట. అన్న కూడా నవ్వుతూ మోచేత్తో తుడుచుకున్నాడట. తుడుచుకున్నాక నవ్వు ఆగిపోయింది. మధ్యాహ్నానికి నీళ్ళ కుండ దగ్గరికి ఎవరూ పోలేదు. సాయంత్రం టైమ్‌కీపర్ పిలిచాడు. ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబంవాడు, చెడ్డవాడు కాదు.

"నాకేం పట్టింపు లేదయ్యా. నీ కాగితం చదివాను. కానీ మీవాళ్ళే కడాయి దగ్గరికి రామంటున్నారు. నువ్వు ఆ కనుబొమ్మలేవో తెచ్చుకుని రా, అప్పుడు చూద్దాం."

"యాడికెల్లి తేవాలె సార్? అంగట్ల అమ్ముతరా?"

"అది నన్నడిగితే ఎలా?" అన్నాడట ఆయన.

ఇంటికి వచ్చి అన్న ఆ మాటే పదిసార్లు చెప్పాడు. కోపం లేదు, అలసట ఉంది. మూడో సీజను కూడా పోతే పేరు పోతుంది. చేతిలో ఉన్నది ఒక ఏడాది.

డిచ్‌పల్లిలో డాక్టరును అడిగితే ఒక మార్గం ఉందన్నారు. చెవి వెనక వెంట్రుకలున్న చర్మాన్ని, దానికి రక్తం అందించే నరంతో సహా తీసి, నుదుటి చర్మం కింది నుంచి తెచ్చి కనుబొమ్మ చోట కుట్టే ఆపరేషన్. అలాంటివి చేసే సర్జన్ ఒకాయన హైదరాబాద్‌లో సొంత నర్సింగ్ హోం నడుపుతున్నాడు. చీటీ రాసిచ్చారు. ఆయన దగ్గరికి పోయి ఖర్చు కనుక్కొని వచ్చాను. ఆ మాట పెద్దమ్మకు చెప్పినప్పుడు ఆమె చేస్తున్న పని ఆపలేదు. "రెండింటికా, ఒక్కదానికా?" అని మాత్రం అడిగింది.

మిల్లులో వైద్య నిధి ఒకటి ఉండేది. సీజనులో ప్రతి ఒక్కరి కూలీలో కొంత కోసి అందులో వేసేవారు. చెయ్యి విరిగినా, జ్వరం వచ్చినా, కాన్పు కష్టమైనా అందులోంచి ఇచ్చేవారు. అన్న తరఫున దరఖాస్తు నేనే రాశాను. యూనియన్ మనిషి ఒకతను దాన్ని కమిటీ ముందు పెట్టాడు. జబ్బుకు ఇస్తాము, అందానికి ఇవ్వము అన్నారు. జబ్బు నయమైందని నువ్వే కాగితం తెచ్చావు కదా, ఇంకా దేనికి వైద్యం అని అడిగారు. నయమైందని ఒప్పుకుంటే పనిలోకి తీసుకోండి, కాలేదంటే డబ్బు ఇవ్వండి అని యూనియన్ మనిషి వాదించాడు. కమిటీ చాయ్ తెప్పించి తర్వాతి సంగతికి వెళ్ళింది.

నిజామాబాద్ బస్టాండు ఎదుటి హోటల్లో నాకు తెలిసిన బీమా ఏజెంటు ఒకడు రోజూ కూర్చునేవాడు. అన్నకు పాత పాలసీ ఒకటి ఉంది, దాని మీద ఏమైనా వస్తుందేమో అడుగుదామని తీసుకుపోయాను.

"సచ్చిపోతే ఇంటోళ్ళకు వస్తది అన్నా. ముసలోనివైతే నీకే వస్తది," అన్నాడు అతను.

"నడిమిట్ల?"

"నడిమిట్ల మాకు కట్టుడే."

అన్న నవ్వాడు. ఆ రోజుల్లో ఆయన నవ్వినట్టు గుర్తున్నది అదొక్కసారే. చాయ్ డబ్బులు ఏజెంటే ఇచ్చాడు.

చివరికి గంజ్‌కు, అంటే నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోయాము. పసుపు రైతులకు అక్కడ అడ్తిదారు అంటే కమీషన్ వ్యాపారి మాత్రమే కాదు, అప్పు కూడా అతని దగ్గరే. పెద్దమ్మ మామ కాలం నుంచి వాళ్ళ పసుపు ఒకే దుకాణానికి పోయేది. ఆ అడ్తిదారు ముసలివాడు, గద్దె మీద కాళ్ళు మడిచి కూర్చొని పసుపు కొమ్ము విరిచి వాసన చూస్తూ మాట్లాడేవాడు. అటు నాందేడ్ వైపు రైతుతో మరాఠీలో ఏదో బేరం తెంపి, ఇటు తిరిగాడు.

"ఏమవ్వా, చేన్ల ఇంక తవ్వనే లేదు, పైసలకు అచ్చినవ్? పెండ్లా?"

"పెండ్లి గాదు."

"బాయి తవ్వుతున్నవా?"

"గాదు."

"మరి?"

పెద్దమ్మ కొడుకు వైపు తిరిగింది. అన్న తల గుడ్డ కిందికి లాక్కున్నాడు. "కనుబొమ్మలు పెట్టిపిస్త," అన్నది పెద్దమ్మ.

దుకాణంలో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అడ్తిదారు కొమ్ము కింద పెట్టాడు.

"పెండ్లికి ఇచ్చిన. సావుకు ఇచ్చిన. కోర్టు కిరికిరికి ఇచ్చిన. బొమ్మలకు ఇయ్యలే ఇంతవరకు. అవ్వా, గవి మొలుస్తయని గ్యారంటీ ఏంది?"

"చేన్ల పసుపు మొలుస్తదని నీకు గ్యారంటీ ఉన్నదా? ఇస్తలేవా?"

ముసలివాడు ఆ మాటకు ఒప్పుకున్నాడు. డబ్బు ఇచ్చాడు. షరతు ఒకటే, పంట అంతా తన దుకాణానికే రావాలి, ధర తాను చెప్పిందే. ఆ ఏడు గంజ్‌లో పసుపు ధర బాగా లేచింది. ఆ వార్త నేనే పంపాను. పెద్దమ్మకు మాత్రం పాత మాట ప్రకారమే కట్టారు. అది కూడా చాలక విత్తనానికి దాచిన పసుపు కూడా బండిలో వేసి పంపాల్సి వచ్చింది. మా వైపు రైతులు ఆకలికి ఓర్చుకుంటారు గాని విత్తనం అమ్మరు. ఆ తొలకరికి పసుపు చేనులో మక్కజొన్న వేశారు. దారిన పోయేవాళ్ళు ఆగి అడిగేవారు. పెద్దమ్మ "భూమికి గూడ రోగమొచ్చింది" అని చెప్పి పంపించేది.

డబ్బు దొరికిన రోజే ఆమె మొక్కుకున్నది. కొడుకు బొమ్మలు మొలిస్తే వాడి తల వెంట్రుకలన్నీ వేములవాడ రాజన్నకు ఇస్తానని. అన్నీ అని గట్టిగా అన్నది. ఆ మాట అప్పుడు మేమెవరమూ పట్టించుకోలేదు. ఎవరు మొక్కినా అట్లాగే మొక్కుతారు.

ఆపరేషన్ అయింది. మొదట వాపు, తర్వాత పెచ్చు, తర్వాత వెంట్రుకలు. అద్దం చూసుకోవడానికి అన్న చాలా రోజులు ఒప్పుకోలేదు. వదిన చేతిలో అద్దం పెట్టి వెళ్ళిపోయింది, తిరిగి వచ్చేసరికి ఆయన ఇంకా చూసుకుంటూనే ఉన్నాడు. సర్జన్ పంపేముందు ఒక జాగ్రత్త చెప్పాడు. ఇవి తల వెంట్రుకలు, నుదుటి మీద ఉన్నా తల వెంట్రుకల లాగే పెరుగుతాయి, అప్పుడప్పుడు కత్తిరించుకోవాలి. చెప్పినట్టే అయింది. నెల రెండు నెలలు వదిలేస్తే కళ్ళ మీదికి వాలేవి. వదిన చిన్న కత్తెరతో సరిచేసేది. "బర్రె పిల్లను చేసుకున్న," అని వేళాకోళం చేసేది.

పెద్దమ్మ మాత్రం ఆ కత్తిరించిన ముక్కలను ఊడ్చనివ్వలేదు. ఏరి గుడ్డలో మూట కట్టేది. ఎందుకే అని అన్న అడిగితే, దేవుని సొమ్ము అన్నది. ఆమె లెక్క సూటిగా ఉంది. తల వెంట్రుకలు అన్నీ ఇస్తానని మొక్కింది. అవి తల వెంట్రుకలని పట్నం డాక్టరే చెప్పాడు. ఇక వాటిని ఇంట్లో ఉంచుకోవడానికి మనమెవరం?

వేములవాడలో మంగలితో నడిచిన మాట కూడా అదే.

"అవ్వా, గివి తియ్యం. ఎన్నడు తియ్యలే. పీనుగకు గూడ తియ్యం," అన్నాడు అతను.

"గవి బొమ్మలు గావు. సెవ్వెనక ఎంటికెలు. ఈడికి తెచ్చి పెట్టిండ్రు."

"ఏడున్నా బొమ్మలు బొమ్మలే గద?"

"ఏడున్నా తల ఎంటికెలు తల ఎంటికెలే. అన్ని ఇస్తనని మొక్కిన. దేవుని కాడ రెండు దాసిపెట్టుకోమంటవా?"

వెనక వరసలో మొక్కు కోడెను పట్టుకొని నిలబడ్డ ఒకడు మెడ సాచాడు. "ఏందిరో, బొమ్మల పంచాయితీ? జల్ది కానియ్యుండ్రి, మా కోడె బెదురుతున్నది."

మంగలి రాజీ చేయబోయాడు. ఆడవాళ్ళకు గుండు చేయకుండా మూడు కత్తెర్లు ఇచ్చి మొక్కు తీరిందంటారు, అట్లాగే కొంచెం కత్తిరిస్తానన్నాడు. "నా కొడుకు ఆడిదా?" అన్నది పెద్దమ్మ. ఇక అతను అన్న వైపు వంగాడు.

"అన్నా, నువ్వేమంటవ్?"

"నన్నడుగకు," అన్నాడు అన్న కళ్ళు తెరవకుండా. "మొక్కింది నేను గాదు. పసుపు నాది గాదు."

ఆ మాట తర్వాత ఇంకెవరూ అడ్డం చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. విత్తనం అమ్మిన మనిషికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఎడమది పోయింది. చల్లగా తగిలిందో, గేటు గుర్తొచ్చిందో, రెండోదానికి ఆయన ఓర్చుకోలేకపోయాడు.

తిరుగు బస్సులో తల్లీకొడుకులు ఒకే సీట్లో కూర్చున్నారు.

"ఒకటి మిత్తి కింద పోయింది. అసలు ఇంకున్నది," అన్నది పెద్దమ్మ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"వారానికి గేటు కాడ నా బదులు రాజన్న నిలబడ్తడా అవ్వా?"

"నిలబడ్తడు."

ఇంటికి చేరాక వదిన ఆయనను గుమ్మంలోనే చూసింది. కాటుక డబ్బా తెచ్చి ముందు పెట్టింది. అన్న దాన్ని కాలితో పక్కకు నెట్టాడు.

సీజను మొదలయ్యే రోజు నేను కూడా మిల్లుకు పోయాను. ఆ ఏడు చెరకు ధర గురించి రాయాల్సి ఉంది, అదే సాకు. గేటు ముందర గుంపు. అన్న గుండుతో, ఒక కనుబొమ్మతో దూరంగా నిలబడ్డాడు. పేరు పిలిస్తే పలికాడు. టైమ్‌కీపర్ తల ఎత్తి చూసి కలం కింద పెట్టాడు. ఆవిరిలో బొమ్మలు కారుతున్నాయని అరిచిన పాత దోస్తు గుంపులోంచి ముందుకు వచ్చాడు. భుజం మీది తువ్వాలు కొస నోట్లో తడుపుకొని, ముందు కుడి బొమ్మను గట్టిగా రుద్దాడు. నలుపు అంటలేదు. వెంట్రుకలు పట్టి లాగాడు. అన్న "అబ్బా" అన్నాడు.

"గిది అసలుదే. మరి గదేమైందిరా?"

"రాజన్నకిచ్చిన."

"బొమ్మనా? ఎవడన్న బొమ్మనిస్తడా?"

దోస్తు బొటనవేలుతో ఎడమ కన్ను పైన రాసి చూశాడు. గొరిగి వారం కావస్తోంది, వెంట్రుకలు మొన తేలుతున్నాయి. అటొకసారి, ఇటొకసారి రాశాడు.

"గరుకుగున్నది," అన్నాడు గుంపు వైపు తిరిగి. "గడ్డం లెక్క మొలుస్తున్నది. సూడుండ్రి." ఇద్దరు ముగ్గురు వచ్చి వేలు పెట్టి చూశారు. కాటుక అయితే మొలవదు కదా. అన్న బేరానికి వచ్చిన గొడ్డు నిలబడ్డట్టు నిలబడ్డాడు. మూడేళ్ళలో ఆయన మొహాన్ని ఇంటివాళ్ళు, డాక్టర్లు కాక వేరేవాళ్ళు ముట్టుకోవడం అదే మొదలు.

"సరే, లోపలికి పో," అన్నాడు టైమ్‌కీపర్.

ఆ సీజను ఆయన పని చేశాడు, ఆ తర్వాతివి కూడా చేశాడు. నీళ్ళ కుండ గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చేనులో పసుపు మళ్ళీ వేయడానికి విత్తనం అప్పు తెచ్చారు, అది కూడా అదే అడ్తిదారు దగ్గర.

పర్మినెంటు వరస తయారు చేసేటప్పుడు అసలు తగాదా వచ్చింది. ఆస్పత్రిలో ఉన్న మొదటి సీజనును జబ్బు సెలవుగా రాయడానికి మిల్లువాళ్ళు ఒప్పుకున్నారు. మూడు రోజులు చేసి ఇంటికి పోయిన రెండో సీజనుకు ఒప్పుకోలేదు. అప్పటికి రోగం లేదు, లేనిది కనుబొమ్మలే, కనుబొమ్మలు లేకపోవడం జబ్బు కాదు, కాబట్టి అది గైర్హాజరు, కాబట్టి వెనకటి సీజన్లు తెగినట్టే అన్నారు. నేను వచ్చిన, మీరే పంపిండ్రు అన్నాడు అన్న. పంపినట్టు ఎక్కడా రాసి లేదు. యూనియన్ ఆ సంగతిని నిజామాబాద్‌లో లేబర్ ఆఫీసరు ముందు పెట్టింది. వాయిదా రోజున అన్న పొద్దున బస్సుకు వచ్చి నా గదిలో సంచి పెట్టి పోయేవాడు, సాయంత్రం వచ్చి మళ్ళీ వాయిదా పడ్డదని చెప్పి సంచి తీసుకునేవాడు. ఆఫీసర్లు మారారు. ఒకసారి మిల్లు తరఫున ఎవరూ రాలేదు, ఒకసారి యూనియన్ తరఫున రాలేదు. ఆయన తర్వాత పనిలో చేరినవాళ్ళు కొందరు పర్మినెంటు అయ్యారు. డెబ్భైలలో సేటు మిల్లు అమ్మేశాడు, కొన్నవాళ్ళు రెండు సీజన్లు నడిపి మూసేశారు. అన్న చివరి రోజు దాకా సీజను కూలీగానే ఉన్నాడు. ఆ రెండో సీజను జబ్బు కిందికి వస్తుందా, గైర్హాజరు కిందికి వస్తుందా అన్నది మిల్లు మూతపడే నాటికి కూడా ఎవరూ తేల్చలేదు.